ఇంట్లో పచ్చళ్ళు చేసి అమ్మాలంటే నిజంగా ఏ కాగితాలు కావాలి?

తెనాలి నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళమ్మగారు, తను కలిసి ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, పండుమిర్చి పచ్చళ్ళు, కందిపొడి, కరివేపాకు పొడి, కుదిరితే చికెన్ పచ్చడి కూడా చేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మాలనుకుంటున్నారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నారు. అన్నయ్య టెక్సాస్‌లో ఉన్నాడు. ఒక కన్సల్టెంట్ తొమ్మిది పేర్లతో లిస్టు రాసిచ్చి అన్నీ కలిపి 28 వేలు అన్నాడట. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జీఎస్టీ, ఉద్యమ్, ట్రేడ్ లైసెన్సు, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్, ట్రేడ్‌మార్క్, అగ్‌మార్క్, ఐఎస్‌ఓ, ఐఈసీ. ఇవన్నీ లేకుండా మొదలుపెడితే కేసు పెడతారా అని ఆవిడ టెన్షన్.

గుంటూరు వైపు పచ్చళ్ళ యూనిట్ నడుపుతూ, మీలా ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకి చాలా ఏళ్ళుగా ఈ దరఖాస్తులు పెట్టించడంలో సాయం చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఆ లిస్టులో అబద్ధం ఏమీ లేదండి. కాకపోతే అందులో సగం మీకు మొదటిరోజు అక్కర్లేదు, కొన్ని ఎప్పటికీ అక్కర్లేదు. మొదటి సీసా మీద మూత పెట్టకముందే చూసుకోవాల్సినవి మాత్రం రెండు మూడు ఆ లిస్టులోనే లేవు. వాటికి కన్సల్టెంటుకి ఫీజు రాదు కదా, అందుకని కాబోలు.

లిస్టు పట్టుకుని పైనుంచి కిందికి వెళ్ళకండి. మీరు చేసే పనిని చూసుకుంటూ వెళ్ళండి. తినే వస్తువు తయారుచేస్తున్నారు కాబట్టి ఫుడ్ సేఫ్టీ వాళ్ళు వస్తారు. దాన్ని తూచి, సీలు చేసి, మీద ధర వేస్తున్నారు కాబట్టి తూనికలు కొలతల శాఖ వస్తుంది. పార్సిల్ రాష్ట్రం దాటుతుంది కాబట్టి జీఎస్టీ వస్తుంది. ఒక చోట వ్యాపారం జరుగుతుంది కాబట్టి మున్సిపాలిటీ వస్తుంది. మీరు చేయని పనికి కాగితం అవసరం లేదు.

మొదటిది, తప్పించుకోలేనిది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద, తినే వస్తువు తయారుచేసి అమ్మే ఎవరైనా, అది వంటింట్లో చేసినా సరే, రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ తీసుకోవాలి. ఇంటి వంట కదా, బోర్డు కూడా లేదు కదా అంటే కుదరదు. చిన్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ చాలు, పెద్దవాళ్ళకి రాష్ట్ర లైసెన్సు, ఇంకా పెద్దవాళ్ళకి కేంద్ర లైసెన్సు. 2011 నిబంధనల్లో చిన్నవాళ్ళ గీతని ఏడాదికి 12 లక్షల టర్నోవర్ దగ్గర గీశారు. పాలు, మాంసం కాని వస్తువులైతే రోజుకు 100 కిలోల తయారీ మించకూడదన్న షరతు కూడా పెట్టారు. రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా నిర్ణయించారు. ఈ గీతలు అప్పుడప్పుడు జరుపుతుంటారు, కాబట్టి దరఖాస్తు పెట్టే రోజు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్ ఫోస్కోస్‌లో కనిపించే అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఎటు చూసినా మీరు రిజిస్ట్రేషన్‌లోనే ఉంటారు. ఈ ఒక్కదానికే వేలు అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఫీజు సంగతి చెబుతున్నాను.

దరఖాస్తు మీరే ఫోస్కోస్‌లో పెట్టుకోవచ్చు. ఫోటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, వంట చేసే చోటుకి చిరునామా ఆధారం. ఇల్లు అద్దెదైతే ఓనరు గారి దగ్గర ఒక అంగీకార పత్రం రాయించుకోండి. దానికి ఒప్పుకోని ఓనర్లు ఉంటారు, కాబట్టి అన్నిటికంటే ముందు ఆ మాట తేల్చుకోండి. దరఖాస్తు అందాక ఏడు రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వాలి. ఏడు రోజుల్లో ఈ మూడింట్లో ఏదీ జరగకపోయినా, తనిఖీ అన్నాక ముప్ఫై రోజుల దాకా ఏ నిర్ణయమూ చెప్పకపోయినా మీరు పని మొదలుపెట్టుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి ఆఫీసులో ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఫారంలో జనం బోల్తా పడేది ఒక్కచోటే. వ్యాపారం రకం అడిగినప్పుడు రీటైలర్ అని టిక్ పెట్టేస్తారు, అమ్మేది మేమే కదా అని. మీరు తయారీదారులు. రీటైలర్ రిజిస్ట్రేషన్ పెట్టుకుని సీసా మీద 'తయారీ' అని మీ పేరు వేస్తే, తనిఖీలో అది రిజిస్ట్రేషన్ లేని తయారీ కిందికే వస్తుంది. అలాగే ఏమేం చేస్తారో అన్నీ రాయండి. పచ్చళ్ళు ఒక వర్గం, పొడులు, మసాలాలు ఇంకో వర్గం, మాంసం వస్తువులు మరో వర్గం. వచ్చే 14 అంకెల నంబరు రిజిస్ట్రేషన్ అయితే 2తో, లైసెన్సు అయితే 1తో మొదలవుతుంది. మార్కెట్లో ఏ సీసా అయినా తిప్పి చూడండి, అవతలివాళ్ళు చిన్నవాళ్ళో పెద్దవాళ్ళో అక్కడే తెలిసిపోతుంది. ఆ నంబరు సీసా మీదే కాదు, మీరిచ్చే బిల్లు మీద కూడా ఉండాలి. 2022 జనవరి నుంచి అది తప్పనిసరి.

ఇక్కడే చికెన్ పచ్చడి గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. మొదటి ఏడాది వద్దు. నిషేధం ఏమీ లేదు, చాలామంది చేస్తున్నారు. కానీ ఆవకాయలో ఉప్పు, కారం, నూనె, పులుపు కలిసి కాపాడతాయి. మాంసంలో తేమ కాస్త మిగిలినా పులుపు చాలకపోయినా సీసా మూత ఉబ్బుతుంది, కొన్నవాళ్ళు ఆస్పత్రి పాలవుతారు. మాంసానికి వేరే గిన్నెలు, వేరే చోటు, ఫ్రిజ్, పచ్చి మాంసం తెచ్చిన బిల్లులు, ఇవన్నీ చూపించాలి. ముందు శాకాహారంతో పేరు తెచ్చుకోండి. తర్వాత చేర్చాలనుకుంటే అదే రిజిస్ట్రేషన్‌లో మార్పు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు లిస్టులో లేని పెద్ద విషయానికి వద్దాం. లేబులు. నాకు తెలిసినంతలో చిన్న పచ్చళ్ళవాళ్ళకి వచ్చే నోటీసులు ఎక్కువగా రిజిస్ట్రేషన్ లేదని కాదు, లేబులు సరిగా లేదని. డిజైనర్ పిల్లాడు అందంగా అరటాకు, రోకలి బొమ్మలు వేసి 'అమ్మమ్మ చేతి రుచి' అని పెద్ద అక్షరాలు పెడతాడు. చట్టం అడిగేవి మాత్రం వెనకవైపు కూడా ఉండవు.

సీసా మీద ఉండాల్సినవి ఇవి: వస్తువు పేరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరసలో పదార్థాలు, పోషక విలువలు, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, అన్ని పన్నులూ కలిపి ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, మీ పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, మెయిల్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లోగో, నంబరు. నూనె అని ఊరుకోకూడదు, ఏ నూనో రాయాలి. వేరుశనగ ఉంటే ఎలర్జీ హెచ్చరికలో చూపించాలి. కందిపొడిలో కాసిని వేరుశనగ గుళ్ళు వేసే అలవాటు ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. రొయ్యల పచ్చడైతే రొయ్య కూడా ఆ జాబితాలోదే. మాంసాహారానికి ఇప్పుడు గుర్తు గోధుమ రంగు చుక్క కాదు, గోధుమ రంగు త్రిభుజం. 2020 లేబులింగ్ నిబంధనల్లో మార్చారు. పాత టెంప్లేట్లు వాడే ప్రింటింగ్ ప్రెస్‌లు ఇంకా చుక్కే వేస్తున్నాయి, ఒకసారి సరిచూసుకోండి. 'బెస్ట్ బిఫోర్ ఆరు నెలలు' అని మాత్రమే వేస్తే ఇప్పుడు చాలదు. ఆ నిబంధనల ప్రకారం గడువు తేదీ వేయడం తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ ఐచ్ఛికం.

ఇందులో చాలామంది ఆడవాళ్ళు ఆగిపోయే చోటు ఒకటుంది. చిరునామా. ఇంటి నంబరు, వీధి, ఫోన్ నంబరు కొన్ని వందల సీసాల మీద ఊళ్ళు తిరుగుతాయి. అది లేకుండా కుదరదు, పోస్ట్‌బాక్స్ నంబరు వేసి తప్పించుకోవడం కాదు. ఫోన్ విషయంలో మాత్రం వ్యాపారానికి వేరే సిమ్, వేరే మెయిల్ తీసుకోండి. మొదటి రోజే తీసుకుంటే అన్ని దరఖాస్తుల్లో అదే ఇవ్వచ్చు.

గడువు ఎంత వేయాలని అందరూ అడుగుతారు. ఎదుటివాళ్ళ సీసా చూసి పన్నెండు నెలలు అని వేయకండి. వాళ్ళ నూనె, వాళ్ళ ఉప్పు, వాళ్ళ సీలింగు వేరు. ఒక బ్యాచ్‌ని ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. పోషక విలువలు కూడా అక్కడే వస్తాయి. ఖర్చు ఉంది, కాదనను. కానీ ఆ 28 వేలలో కొంత ఖర్చుపెట్టదగ్గ చోటంటూ ఉంటే ఇదే. రిపోర్టు వచ్చేదాకా తక్కువ గడువు వేసి చిన్న బ్యాచ్‌లే చేయండి. పొడులకి ఇంకా తక్కువ వేయండి, వానాకాలంలో ముఖ్యంగా.

ఇంకో హెచ్చరిక, ఇది పొడులు చేసేవాళ్ళకి ప్రత్యేకం. మునగాకు పొడి, కాకరకాయ పొడి అమ్మేటప్పుడు 'షుగర్ తగ్గిస్తుంది', 'బీపీకి మంచిది' అని ఇన్‌స్టాలో రాసేస్తున్నారు. జబ్బు నయమవుతుందని ఆహార వస్తువు మీద రాయడానికి వీల్లేదు. మధుమేహం నయం చేస్తామన్న ప్రకటనలని 1954 నాటి మాయా వైద్యాల చట్టం విడిగా నిషేధించింది. లేబులు మీద వేయకపోయినా రీల్‌లో చెప్పినా ప్రకటనే. అన్నంలో మొదటి ముద్దకి నెయ్యేసుకుని తినమని చెప్పండి, చాలు.

లేబులుతో పాటే వచ్చేది తూనికలు కొలతల శాఖ. ముందే తూచి ప్యాక్ చేసే ప్రతి తయారీదారూ ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోగా ఆ శాఖలో పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో 27వది ఇదే. ఫీజు 500. పెద్ద పనేమీ కాదు, కానీ దీని పేరే వినని పచ్చళ్ళవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ కన్సల్టెంటు కూడా రాయలేదు చూడండి. కిలోలోపు సీసా మీద గ్రాము ధర కూడా వేయాలి. 250 గ్రాముల సీసా 150 రూపాయలైతే గ్రాము 60 పైసలు. ఇక మీరు తూచే ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ఆన్‌లైన్లో ఐదారు వందలకి దొరికే కిచెన్ కాటాలు అమ్మకానికి పనికిరావు, వాటికి ముద్ర వేయరు. కొనేటప్పుడే స్టాంపింగ్ ఉన్న కాటా అడిగి తీసుకోండి, ఆ సర్టిఫికెట్ కాపీ జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇక జీఎస్టీ. దీని గురించే ఎక్కువ గందరగోళం, దీనికి కారణం కూడా ఉంది. వస్తువులు అమ్మేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. 2019లో పరిమితి పెంచినప్పుడు పాత అంకె దగ్గరే ఉండిపోయిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. తెనాలిలో ఉన్న మీకు 40 లక్షలు అనుకుని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ మినహాయింపు మీ రాష్ట్రంలోపల అమ్మినంతవరకే. పన్ను పడే వస్తువు రాష్ట్రం దాటి అమ్మితే టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది జీఎస్టీ చట్టంలో 24వ సెక్షన్.

ఇప్పుడు మీ కస్టమర్లు ఎక్కడున్నారో చూడండి. బెంగళూరు సంగతి సరే. హైదరాబాద్ కూడా 2014 జూన్ నుంచి మీకు వేరే రాష్ట్రమే. మనకి పిన్ని కూతురు ఉన్న ఊరు, బస్సెక్కితే సాయంత్రానికి చేరే ఊరు. జీఎస్టీ లెక్కలో మాత్రం తెనాలి నుంచి కూకట్‌పల్లికి కొరియర్‌లో వెళ్ళే అరకిలో ఆవకాయ, ఢిల్లీకి వెళ్ళే దానితో సమానం. కాబట్టి మీ విషయంలో జీఎస్టీ కావాలన్న కన్సల్టెంట్ మాట నిజమే. తెనాలి, గుంటూరు, విజయవాడ వాళ్ళకే అమ్ముతామంటే మాత్రం ఇప్పుడు అవసరం లేదు. నేనైతే మొదటి రెండు మూడు నెలలు అలాగే, చుట్టుపక్కల ఊళ్ళకే అమ్మి, రుచి, లేబులు, ప్యాకింగ్ కుదిరాక, నూనె కారకుండా సీసా బెంగళూరు చేరుతుందన్న నమ్మకం వచ్చాక జీఎస్టీ తీసుకోమంటాను. తీసుకున్న నాటి నుంచి అమ్మకం లేకపోయినా రిటర్న్ వేయాలి. సున్నా రిటర్న్ ఆలస్యమైనా రోజుకి 20 రూపాయలు పడుతుంది. రిజిస్ట్రేషన్ తీసుకుని మర్చిపోయి, ఏడాది తర్వాత లేట్ ఫీజు చూసి గుండె పట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టేసే కాంపొజిషన్ స్కీం తీసుకోండి, ఒక్క శాతమే కదా అని కొందరు సలహా ఇస్తారు. అది రాష్ట్రం దాటి అమ్మేవాళ్ళకి వర్తించదు. మీరు మామూలు జీఎస్టీలోకే వెళ్ళాలి. అది అంత భారమూ కాదు. పచ్చళ్ళ మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. కారప్పొడి లాంటి మసాలా పొడులూ 5 శాతంలోనే ఉన్నాయి. మీరు కొనే ప్లాస్టిక్ సీసాలు, కొరియర్ చార్జీల మీద 18 శాతం కడతారు, ఆ పన్ను మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. అందుకని బాటిళ్ళు బిల్లు మీదే కొనండి, బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించండి. రిటర్నులకి మూడు నెలలకోసారి వేసే క్యూఆర్‌ఎంపీ పద్ధతి ఎంచుకోండి. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. రిటర్నులు వేయడానికి మాత్రం దగ్గర్లో ఒక అకౌంటెంటుని పెట్టుకోండి, ఆ ఖర్చు దండగ కాదు.

డబ్బు సేవింగ్స్ ఖాతాకి ఫోన్‌పేలో వస్తే ఎవరికి తెలుస్తుంది అనే ధైర్యం పెట్టుకోకండి. 2025 జులైలో బెంగళూరులో చిన్న చిన్న షాపులవాళ్ళకి, బేకరీలవాళ్ళకి యూపీఐలో వచ్చిన మొత్తాలు చూసే వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు ఇచ్చింది. వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరవండి. దానికి బ్యాంకు వాళ్ళు వ్యాపారం ఉన్నట్టు రెండు ఆధారాలు అడుగుతారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒకటి, ఉద్యమ్ రెండోది అవుతుంది. కంపెనీ, పార్ట్‌నర్‌షిప్ అవేమీ ఇప్పుడు వద్దు. అమ్మగారి పేరునో మీ పేరునో సొంత వ్యాపారంగా పెట్టుకుంటే సరిపోతుంది, పాన్ కార్డు చాలు.

ఉద్యమ్ అన్నాను కదా, అది లైసెన్సు కాదు, మీరు సూక్ష్మ పరిశ్రమ అని చెప్పే సర్టిఫికెట్. 2020 జులై 1 నుంచి ఉంది. ఆధార్‌తో ఆన్‌లైన్లో పది పదిహేను నిమిషాల పని, పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు ముందు వస్తాయి, అవి వేలల్లో ఫీజు అడుగుతాయి. అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసి మరీ ఆధార్ నంబరు కొట్టండి. ఆహార పరిశ్రమలకి 2020లో కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో, లోన్ తీసుకుని పెట్టే యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. గ్రైండరు, సీలింగ్ మిషన్ కొనేముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అది ఇప్పుడు నడుస్తోందో లేదో అడగండి. కొన్న తర్వాత అడిగితే లాభం లేదు.

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. మన మున్సిపాలిటీల్లో దీన్ని డీ అండ్ ఓ లైసెన్సు అంటారు, డేంజరస్ అండ్ అఫెన్సివ్ ట్రేడ్స్, అంటే ప్రమాదకరమైన, ఇబ్బంది కలిగించే వ్యాపారాలు అని దాని పూర్తి పేరు. చూసి కంగారుపడకండి, ఇడ్లీ బండి నుంచి రైసు మిల్లు దాకా అందులోకే వస్తాయి. వార్డు సచివాలయంలో అడిగితే దరఖాస్తు తీసుకుంటారు. ఇంటి పన్ను రసీదు, గుర్తింపు కార్డు కావాలి, ఏటా రెన్యువల్ ఉంటుంది. పల్లెటూరైతే పంచాయతీ ఇస్తుంది. వీధి వైపు షట్టరు, బోర్డు పెట్టి అమ్మే రోజున ఇది చేతిలో ఉండాలి. ఇంటి లోపలే చేసుకుంటున్నా తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పక్కింటివాళ్ళకి మిరపకాయల ఘాటు పడక ఫిర్యాదు చేస్తే ముందు అడిగేది దీన్నే. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్ మాత్రం షాపు అద్దెకి తీసుకుని మనుషులని పెట్టుకున్నాక, కార్మిక శాఖలో అడిగి చేయించుకోండి. ఇప్పుడు మీరిద్దరే కదా. పదిమంది పనివాళ్ళయితే ఈఎస్‌ఐ, ఇరవైమంది అయితే పీఎఫ్. ఆ రోజు వస్తే సంతోషమే.

అగ్‌మార్క్ అంటే వ్యవసాయ సరుకుల నాణ్యతా ముద్ర, పొడులకి అది ఐచ్ఛికం. ఐఎస్‌ఓ మీకు ఏ చట్టం ప్రకారమూ అవసరం లేదు, ఆ రెండూ కొట్టేయండి. ట్రేడ్‌మార్క్ కొట్టేయకండి, వాయిదా వేయండి. పచ్చళ్ళు 29వ తరగతి, పొడులు 30వ తరగతి, కాబట్టి రెండింటికీ విడివిడిగా ఫీజు. వ్యక్తులకి, ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థలకి ఆన్‌లైన్లో తరగతికి 4,500. పేరు పెట్టేముందు మాత్రం ట్రేడ్‌మార్క్ సైటులో ఉచితంగా వెతకండి. 'అమ్మ', 'అమ్మమ్మ', 'బామ్మ', 'గోదావరి', 'రాయలసీమ' పేర్లతో ఎన్ని సీసాలు ఉన్నాయో చూస్తే మీకే నవ్వొస్తుంది. పచ్చళ్ళతో పాటు పూతరేకులు కూడా తెప్పించి అమ్మే ఆలోచన ఉంటే, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గుర్తుంచుకోండి. తెనాలిలో చుట్టి ఆత్రేయపురం పేరు వేయడం కుదరదు.

లిస్టులో లేనివి ఇంకా రెండున్నాయి. ఒకటి గ్యాస్. 14.2 కిలోల ఇంటి సిలిండరు మీద వ్యాపారానికి వంట చేయకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకోవాలి. ఇంటి సిలిండర్లని పౌరసరఫరాల వాళ్ళు దాడి చేసి పట్టుకుపోవడం హోటళ్ళలోనే కాదు, ఇళ్ళలోనూ జరుగుతుంది. రెండోది కరెంటు మీటరు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి, వర్తించే టారిఫ్‌కి రెట్టింపు వసూలు చేస్తారు. మిక్సీతో చేసినన్నాళ్ళు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మిరపకాయలు పట్టే పల్వరైజర్ పెట్టే రోజు మాత్రం ముందు కరెంటాఫీసుకి వెళ్ళి వేరే మీటరుకి దరఖాస్తు పెట్టండి.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వస్తే ఏం చేయాలన్నది మీరు అడగలేదు కానీ చెప్పాలి. రిజిస్ట్రేషన్ కాగితం కనిపించేచోట గోడకి పెట్టండి. తలకి క్యాప్, మూతలున్న డబ్బాలు, నేలకి ఆనకుండా బస్తాలు, నీళ్ళ పరీక్ష రిపోర్టు, వంట చేసేవాళ్ళకి ఏటా ఒక మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇవి ఉంటే సగం సంభాషణ అక్కడే అయిపోతుంది. శాంపిల్ తీస్తే దాన్ని మీ ఎదుట నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, ధర చెల్లించాలి. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకి వెళ్తుంది. ఇంకో భాగాన్ని గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపమని అడిగే హక్కు మీకుంది, దాని ఖర్చు మీరు పెట్టుకోవాలి. అడగండి. అనలిస్టు రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ప్రతి బ్యాచ్‌లో ఒక సీసా అమ్మకుండా గడువు తీరేదాకా అటక మీద దాచుకుంటే ఇలాంటప్పుడు మీ దగ్గర కూడా ఒక సాక్ష్యం ఉంటుంది.

ఇక టెక్సాస్. అన్నయ్య తినడానికి అమ్మగారు పంపే సీసా వేరు, అన్నయ్య స్నేహితుల దగ్గర డబ్బు తీసుకుని పంపేది వేరు. ఇంట్లో చేసి సొంత మనిషికి కానుకగా పంపేదానికి, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి సరుకు చేరకముందే ఇవ్వాల్సిన ముందస్తు నోటీసు నుంచి మినహాయింపు ఉంది. డబ్బు చేతులు మారితే అది ఎగుమతి. ఇక్కడ ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్ కావాలి. దానికి ఫీజు 500, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అప్‌డేట్ చేయాలి. పచ్చళ్ళు వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా జాబితాలో ఉన్నాయి కాబట్టి ఆ రిజిస్ట్రేషన్ కూడా. తయారుచేసే చోటు సొంత ఇల్లు కాక వ్యాపార యూనిట్ అయితే అక్కడ ఎఫ్‌డీఏలో దాన్ని ఫెసిలిటీగా నమోదు చేయాలి, అమెరికాలో ఉండే ఏజెంటు పేరు చూపించాలి. ప్రతి పార్సిల్‌కీ ముందస్తు నోటీసు ఇవ్వాలి. పచ్చడి యాసిడిఫైడ్ ఫుడ్, అంటే పులుపు కలిపి నిల్వ చేసే ఆహారం కిందికి వస్తే తయారీ పద్ధతి మొత్తం దాఖలు చేయాలి, పులుపుని కొలిచే పీహెచ్ 4.6 మించకుండా ఉందని చూపించాలి. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. చికెన్, మటన్ పచ్చళ్ళు అసలు వద్దు, భారతదేశం నుంచి మాంసం ఉత్పత్తులని అమెరికా రానివ్వదు. కొరియర్ షాపువాళ్ళు 'మేం చూసుకుంటాం' అంటారు. వాళ్ళు చూసుకునేది డబ్బాని గిఫ్ట్ అని రాయడం వరకే. మొదటి ఏడాది ఐఈసీ లేకుండానే కానివ్వండి.

కేసు సంగతి అడిగారు కదా. రిజిస్ట్రేషన్ లేకుండా ఆహారం అమ్మితే లక్షల్లో జరిమానాకి చట్టంలో చోటుంది, కాబట్టి దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మిగతావి చాలావరకు నోటీసు, సరిదిద్దుకోవడానికి గడువు, ఫైను వరకే వెళ్తాయి.

ఈ వారంలో చేయాల్సింది ఓనరు గారి అంగీకారం, కొత్త సిమ్, ఫోస్కోస్‌లో దరఖాస్తు, ఉద్యమ్, ఇంతే. ఆ పని ఆ కన్సల్టెంటుకే ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, తప్పేం లేదు. కానీ ప్రతి దరఖాస్తులో మీ నంబరు, మీ మెయిల్ ఉండాలని గట్టిగా చెప్పండి, లాగిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. చాలామంది ఏజెంట్లు తమ నంబరే పెట్టేస్తారు. తర్వాత శాఖ నుంచి వచ్చే నోటీసు కూడా వాళ్ళకే వెళ్తుంది, మీకు అందేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.